మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్: దాగిన మనుషులను లెక్కించిన డాక్టరు

మీ ఇంటికి జనాభా లెక్కల ఉద్యోగి వచ్చిన రోజును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మన ఊళ్లలో ఆ పనికి వచ్చేది చాలాసార్లు బడి పంతులుగారే. ఆయన అరుగు మీద కూర్చుని ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరి వయసెంత, ఎవరు చదువుకున్నారు అని అడుగుతారు. ఇంటి పెద్ద జవాబులు చెబుతూ ఉంటాడు. పక్కింటివాళ్లు వింటూనే ఉంటారు. వయసు అడిగితే రెండేళ్లు తగ్గించి చెప్పేవారు ఉంటారు. సంపాదన గురించి అడిగితే నవ్వి ఊరుకునేవారూ ఉంటారు.

ఇంత చిన్న విషయాల్లోనే నిజం పూర్తిగా బయటికి రాదు. మరి నిజం చెబితే ఇంట్లోంచి గెంటివేస్తారనీ, ఉద్యోగం పోతుందనీ, పోలీసులు పట్టుకుపోతారనీ భయం ఉంటే? అటువంటివారు దేశంలో ఎంతమంది ఉన్నారో ఎవరు చెప్పగలరు?

ఈ ప్రశ్నను లెక్కల పద్ధతిలో మొదటిసారి పట్టించుకున్నవారిలో ముఖ్యుడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే జర్మన్ వైద్యుడు. ఆయన లెక్కపెట్టాలనుకున్నది స్వలింగ ప్రేమికులను, అంటే పురుషుడై పురుషుణ్ని, స్త్రీ అయి స్త్రీని ప్రేమించేవారిని. ఆయన ఒకసారి మన దేశానికి కూడా వచ్చారు. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని, ఆయన వేసిన లెక్కను, ఆ లెక్కలోని లోపాలను తెలుసుకుందాం. ఆయన అడిగిన ప్రశ్న తరువాతి కాలంలో మన దేశంలో ఏ రూపంలో వచ్చిందో కూడా చూద్దాం. చదివేటప్పుడు పక్కన ఒక కాగితం, పెన్సిలు ఉంచుకోండి. రెండు మూడు చిన్న లెక్కలు మీరే వేయాలి.

డాక్టరు కొడుకు డాక్టరు

హిర్ష్‌ఫెల్డ్ 1868 మే 14న బాల్టిక్ సముద్రతీరాన ఉన్న కోల్‌బెర్గ్ పట్టణంలో పుట్టారు. ఆ పట్టణం అప్పుడు ప్రష్యా రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఆయనది యూదు కుటుంబం. తండ్రి ఆ ఊళ్లో పేరున్న వైద్యుడు. కొడుకు మొదట భాషాశాస్త్రం చదువుదామనుకొని, తరువాత మనసు మార్చుకొని వైద్యంలో చేరారు. 1892లో బెర్లిన్‌లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. కొంతకాలం మాగ్డెబుర్గ్‌లో వైద్యం చేసి, 1896లో బెర్లిన్‌ను ఆనుకుని ఉన్న షార్లొటెన్‌బుర్గ్‌కు మకాం మార్చారు.

ఆ రోజుల్లోనే ఆయన దారిని మార్చిన ఒక సంఘటన జరిగింది. ఆయన దగ్గర వైద్యం చేయించుకుంటున్న ఒక యువ సైనికాధికారి తన పెళ్లికి ముందురోజు రాత్రి తుపాకీతో కాల్చుకొని చనిపోయాడు. చనిపోయేముందు డాక్టరుకు ఒక ఉత్తరం రాశాడు. తన మనసు ఆడవారి వైపు పోదనీ, ఆ మాట తల్లిదండ్రులకు చెప్పలేకపోయాననీ, తనలాంటివారి గురించి లోకానికి తెలియజెప్పమనీ దాని సారాంశం.

అప్పటి జర్మనీ శిక్షాస్మృతిలో 175వ సెక్షన్ అని ఒకటి ఉండేది. పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని అది నేరంగా పరిగణించేది. ఈ సెక్షన్ 1871లో వచ్చింది. అది స్త్రీలకు వర్తించదు. కానీ పురుషుల విషయంలో దానివల్ల మరో వ్యాపారం పుట్టుకొచ్చింది. ఒకరి రహస్యం తెలిసినవాడు పోలీసులకు చెబుతానని బెదిరించి నెలనెలా డబ్బు గుంజేవాడు. జైలుకు వెళ్లినవారి కంటే ఇలా బెదిరింపులకు లొంగి నాశనమైనవారే ఎక్కువమంది అని హిర్ష్‌ఫెల్డ్ తన అనుభవంలో గమనించారు.

ఆయన కూడా స్వలింగ ప్రేమికుడే. కానీ ఆ మాట బహిరంగంగా చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఆయన మాటను శాస్త్రంగా ఎవరూ తీసుకునేవారు కారు. 1896లో ఈ విషయం మీద రాసిన మొదటి చిన్న పుస్తకాన్ని కూడా మారుపేరుతోనే అచ్చు వేయించారు.

1897 మే 15న షార్లొటెన్‌బుర్గ్‌లోని తన ఇంట్లో మరి ముగ్గురితో కలిసి ఒక సంఘాన్ని స్థాపించారు. శాస్త్రీయ మానవతావాద సంఘం అని దాని పేరు. 175వ సెక్షన్‌ను తీసివేయాలని జర్మన్ పార్లమెంటుకు మహజరు పంపటం వారి మొదటి పని. మొదట రెండు వందల మంది దాకా సంతకాలు చేశారు. పోనుపోను ఆ సంఖ్య ఐదు వేలు దాటింది. శాస్త్రవేత్త ఐన్‌స్టీన్, రచయితలు థామస్ మన్, హెర్మన్ హెస్సే వంటివారి సంతకాలు అందులో ఉన్నాయి.

1898లో సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఆగస్ట్ బెబెల్ పార్లమెంటులో ఈ మహజరును సమర్థిస్తూ మాట్లాడారు. ఇటువంటివారు అన్ని వర్గాల్లోనూ ఎంతమంది ఉన్నారంటే, పోలీసులు తమ పని నిజంగా చేస్తే బెర్లిన్ వాళ్ల కోసమే కొత్త జైళ్లు కట్టవలసి వస్తుందని ఆయన వాదన. సభలో గగ్గోలు పుట్టింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. బెబెల్ చాలామంది అన్నారే గాని, ఎంతమందో చెప్పలేదు. ఆ సంఖ్య ఆయనకే కాదు, ఎవరికీ తెలియదు. పోలీసుల దగ్గర లెక్క ఉన్న మాట నిజమే. అయితే అది పేర్లు, చిరునామాలు రాసిన జాబితా. పట్టుబడినవారు, అనుమానం కలిగినవారు మాత్రమే అందులో ఉంటారు.

మూడు అక్షరాల కార్డు

1903 డిసెంబరులో షార్లొటెన్‌బుర్గ్ సాంకేతిక కళాశాలలో చదివే సుమారు 3,000 మంది విద్యార్థులకు టపాలో ఒక ఉత్తరం వచ్చింది. లోపల ఒక జవాబు కార్డు ఉంది. దాని మీద అక్షరాలు అచ్చు వేసి ఉన్నాయి. జర్మన్ భాషలో స్త్రీ అనే మాటకు మొదటి అక్షరం ఒకటి, పురుషుడు అనే మాటకు మొదటి అక్షరం ఒకటి, రెండూ కలిపి ఒకటి. మీ మనసు ఎవరి వైపు పోతుందో ఆ అక్షరం కింద గీత గీసి పంపండి, పేరు రాయనక్కరలేదు అని అందులో కోరారు.

ఈ పద్ధతి వెనక ఉన్న ఆలోచనను కాస్త నిదానంగా చూడండి. ఎదురుగా నిలబడి అడిగితే ఎవరూ చెప్పరు. అందుకని ముఖం కనబడని టపాను ఎంచుకున్నారు. చేతిరాత చూసి పోల్చుకుంటారనే భయం ఉంటుంది. అందుకని రాసే పనే లేకుండా గీత గీస్తే చాలన్నారు. పేరు ఉంటే ఎవరూ పంపరు. అందుకని పేరే అడగలేదు. భయపడేవాడి చోట తాను నిలబడి తయారుచేసిన ప్రశ్న అది. నేటికీ ఇటువంటి సర్వేలు చేసేవారు ఇదే దారి పడతారు.

జవాబులు 1,696 వచ్చాయి. అందులో నూటికి 94 మంది స్త్రీల వైపు అన్నారు. నూటికి ఒకటిన్నర మంది పురుషుల వైపు, నాలుగున్నర మంది ఇద్దరి వైపూ అన్నారు. ఒకటిన్నర శాతం అంటే 1,696 మందిలో సుమారు పాతికమంది అన్నమాట. 1904 ఫిబ్రవరిలో బెర్లిన్‌లోని లోహపు పనివారికి, ఐదు వేలకు పైగా కార్మికులకు, ఇటువంటి కార్డే పంపారు. అక్కడ నూటికి 1.15 మంది పురుషుల వైపు, మూడుకు కొంచెం పైగా ఇద్దరి వైపు అని తేలింది. చదువుకున్న కుర్రాళ్లలోనూ, ఫ్యాక్టరీ కార్మికులలోనూ అంకెలు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఇది డబ్బున్నవాళ్ల దురలవాటు అని అప్పట్లో చాలామంది అనేవారు. ఆ మాటకు ఈ అంకెలే జవాబు.

ఈ రెండు సర్వేలతో పాటు, వేర్వేరు వృత్తుల్లో, సంఘాల్లో ఉన్న తెలిసినవారి ద్వారా కూడా ఆయన లెక్కలు సేకరించారు. అన్నీ కలిపి చూసి నూటికి 2.2 మంది అనే అంకె దగ్గర ఆగారు.

ఇప్పుడు మీ కాగితం తీసుకోండి. 1900 జనాభా లెక్కల ప్రకారం జర్మనీ జనాభా 5 కోట్ల 63 లక్షలు. దీనికి 2.2 శాతం కట్టండి. పన్నెండు లక్షలు దాటుతుంది. ఆయన కూడా జర్మనీలో ఇటువంటివారు సుమారు 12 లక్షలు ఉంటారని ప్రకటించారు. కొద్దిమందిని అడిగి శాతం కట్టటాన్ని నమూనా పరిశీలన అంటారు. ఆ శాతాన్ని దేశ జనాభాకు వర్తింపజేసి మొత్తం ఊహించటాన్ని అంచనా అంటారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటాం కదా, ఇదీ అంతే. అయితే కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో ఉడుకుతాయి. మనుషుల సంగతి అలా కాదు. అక్కడే చిక్కు వస్తుంది.

ఆగి ఆలోచించండి. 3,000 మందికి పంపితే 1,696 మందే జవాబిచ్చారు. మిగిలిన 1,304 మంది ఎందుకు ఊరుకున్నారు? భయపడి ఊరుకుంటే నిజమైన శాతం ఇంకా ఎక్కువ కావాలి. ఇది మా సంగతి కాదులే అని కార్డు చించి పారేసి ఉంటే నిజమైన శాతం తక్కువ కావాలి. రెండింటిలో ఏదో చెప్పటానికి ఆధారం లేదు. మరో సంగతి, కార్డు అందుకున్నవారంతా మగవారే, అదీ ఒకే నగరంలో. స్త్రీలను అడగలేదు, పల్లెలను అడగలేదు. అయినా ఆ శాతాన్ని స్త్రీలతో, పల్లెలతో కలిపి దేశం మొత్తానికి వర్తింపజేశారు. నేటి గణాంక శాస్త్రం దీన్ని ఒప్పుకోదు. అప్పటికి నమూనా పరిశీలన శాస్త్రం ఇంకా తప్పటడుగులు వేస్తున్నది. ఆయన తన అంకెను అంతిమ సత్యంగా పట్టుకుని కూర్చున్న మాట కొంత నిజమే. కానీ అంతకు ముందు ఉన్నది పుకార్లూ, పోలీసు జాబితాలూ మాత్రమే అని కూడా మనం మరచిపోకూడదు.

కార్డులు పంపినందుకు ఆయనను కోర్టుకు ఈడ్చారు. కొందరు విద్యార్థులు ఈ ప్రశ్న తమకు అవమానమని ఫిర్యాదు చేశారు. 1904 మే నెలలో కోర్టు ఆయనకు 200 మార్కుల జరిమానా వేసింది. మార్కు అంటే అప్పటి జర్మనీ నాణెం, మన పరీక్ష మార్కులతో దానికి సంబంధం లేదు. జరిమానా కట్టి, ఫలితాలను అదే ఏడు అచ్చు వేయించారు. అలా అచ్చు కావటం ఎంత మంచిదైందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

సంస్థ, పేరు, దెబ్బలు

తరువాతి పదిహేనేళ్లను త్వరగా చెప్పుకుందాం. 1910లో, పుట్టుకతో వచ్చిన లింగానికి భిన్నమైన వేషధారణలో జీవించాలని కోరుకునేవారి గురించి ఒక పెద్ద పుస్తకం రాశారు. వీరు వేరు, స్వలింగ ప్రేమికులు వేరు అని విడదీసి చూపారు. అటువంటివారిని వేషం కారణంగా అరెస్టు చేయకుండా ఉండేందుకు డాక్టరు ధ్రువపత్రం చూసి బెర్లిన్ పోలీసులు అనుమతి పత్రాలు ఇచ్చే ఏర్పాటు వెనక ఆయన కృషి ఉంది. 1914లో స్వలింగ ప్రేమ మీద సుమారు వెయ్యి పేజీల గ్రంథం వెలువరించారు. 1919 జూలై 6న బెర్లిన్‌లో లైంగిక శాస్త్ర సంస్థను ప్రారంభించారు. అక్కడ వైద్యం ఉండేది, సలహాలు ఇచ్చేవారు, పెద్ద గ్రంథాలయం ఉండేది. పెళ్లి చేసుకోబోయే మామూలు జంటలు కూడా సందేహాలు తీర్చుకోవటానికి వచ్చేవారు.

శత్రువులూ పెరిగారు. 1920లో మ్యూనిక్‌లో ఉపన్యాసం ఇచ్చి వస్తుండగా కొందరు ఆయనను కొట్టి, చచ్చాడనుకొని వీధిలో వదిలి వెళ్లారు. పత్రికల్లో మరణవార్త కూడా వచ్చింది. ఆసుపత్రి మంచం మీద తన మరణవార్తను తానే చదువుకున్న అరుదైన మనిషి ఆయన.

ఆయన పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. స్వలింగ ప్రేమ అంతా పుట్టుకతో, శరీరంలోని గ్రంథుల వల్ల వస్తుందని గట్టిగా నమ్మారు. ఆ నమ్మకంతో కొందరు రోగులను శస్త్రచికిత్సకు కూడా పంపారు. దానివల్ల ఎవరికీ మేలు జరగలేదు. ఆ కాలంలో చాలామంది డాక్టర్ల లాగే మంచి సంతానం, చెడ్డ సంతానం అనే సిద్ధాంతాన్ని కూడా కొంతవరకు ఒప్పుకున్నారు. అదే సిద్ధాంతాన్ని నాజీలు ఏ కొసకు లాక్కుపోయారో మీకు చరిత్ర పాఠాల్లో తెలుస్తుంది.

1929 అక్టోబరులో పార్లమెంటు కమిటీ ఒకటి 175వ సెక్షన్‌ను తీసివేయాలని 15 మంది ఒకవైపు, 13 మంది ఒకవైపు ఓటు వేసి తీర్మానించింది. ముప్ఫై ఏళ్ల శ్రమ ఫలించేట్టు కనిపించింది. కానీ ఆ తీర్మానం చట్టం కాలేదు.

మన దేశానికి వచ్చినప్పుడు

1930 నవంబరులో ఆయన అమెరికాకు బయలుదేరారు. అక్కడి నుంచి జపాన్, చైనా, ఇండోనేషియాల మీదుగా 1931లో భారతదేశం చేరారు. షాంఘైలో పరిచయమైన లీ షియు తోంగ్ అనే యువకుడు ఆయన వెంట ఉన్నాడు. చివరి వరకు ఆయనను వదలలేదు. మన దేశంలో హిర్ష్‌ఫెల్డ్ పలు నగరాల్లో ఉపన్యాసాలు ఇచ్చారు. అలహాబాదులో జవహర్‌లాల్ నెహ్రూను కలిశారు. మలేరియా పట్టుకొని బాధపడ్డారు. స్వాతంత్ర్యోద్యమం పట్ల ఆయనకు సానుభూతి ఉండేది. భారతీయుల కాపురాలను కించపరుస్తూ కేథరిన్ మేయో రాసిన పుస్తకాన్ని ఆయన గట్టిగా ఖండించారు. ఈ ప్రయాణం గురించి ఆయన రాసిన పుస్తకం 1933లో వచ్చింది.

ఆయన ఇక్కడికి వచ్చేసరికి ఇక్కడి చట్టం ఎలా ఉంది? బ్రిటిషువారు 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్, జర్మనీ 175వ సెక్షన్‌కు అన్నలాంటిది. దేశ విభజన తరువాత అదే సెక్షన్ పాకిస్తాన్‌కూ, ఆ తరువాత బంగ్లాదేశ్‌కూ వారసత్వంగా దక్కింది.

మరొక చట్టం కూడా ఉండేది. 1871లో, సరిగ్గా జర్మనీలో 175వ సెక్షన్ వచ్చిన ఏడే, బ్రిటిషువారు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. అందులో ఒక భాగం హిజ్రాలకు సంబంధించింది. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టరులో ఎక్కించాలని ఉత్తర భారతంలో పోలీసులకు ఆదేశం. వారి ఆస్తి వివరాలు కూడా రాయించుకోవచ్చు. ఆడవేషంలో వీధిలో కనిపించినా, నాట్యం చేసినా శిక్ష. మన హైదరాబాదులోనూ నిజాం ప్రభుత్వం 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఇటువంటి చట్టమే చేసింది. అదీ రిజిస్టరు పెట్టమంది, వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది.

ఇప్పుడు రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి హిర్ష్‌ఫెల్డ్ కార్డు. దాని మీద మనిషి ఇష్టం ఉంది, పేరు లేదు. రెండోది పోలీసు రిజిస్టరు. దాని మీద పేరు, ఇల్లు, ఆస్తి అన్నీ ఉన్నాయి, ఆ మనిషి ఇష్టం ఏమిటో ఎవరూ అడగలేదు. రెండూ లెక్కలే.

మంటలు

హిర్ష్‌ఫెల్డ్ 1932లో యూరపు తిరిగి వచ్చారు గాని, జర్మనీలో మళ్లీ కాలు పెట్టలేదు. యూదుడు, సోషలిస్టుల మిత్రుడు, పైగా చేసే పని ఇది. వెళ్తే ప్రాణం దక్కదని స్నేహితులు చెప్పారు. 1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. మే 6న నాజీ విద్యార్థుల గుంపు ఆయన సంస్థ మీద పడి దోచుకుంది. మే 10న బెర్లిన్‌లోని ఒపేరా కూడలిలో ఆ గ్రంథాలయాన్ని మంటల్లో వేశారు. ఆయన విగ్రహపు తలను ఊరేగించారు. ఇదంతా ఆయన పారిస్‌లో ఒక సినిమాహాలులో వార్తాచిత్రంలో చూశారు. జీవితమంతా కూడబెట్టిన కాగితాలు తెర మీద కాలుతుంటే మామూలు ప్రేక్షకుల మధ్య కూర్చుని చూడవలసి వచ్చింది.

కానీ 1904 నాటి ఫలితాలు అప్పటికే అచ్చయి లోకమంతా చేరి ఉన్నాయి. వాటిని కాల్చటం ఎవరి తరమూ కాలేదు. కార్డుల మీద పేర్లు లేవు కాబట్టి వాటి వల్ల ఎవరికీ ముప్పూ రాలేదు.

1935 మే 14న, తన 67వ పుట్టినరోజున, ఫ్రాన్సు దక్షిణ తీరంలోని నీస్ పట్టణంలో హిర్ష్‌ఫెల్డ్ కన్నుమూశారు. ఆ జూన్ నెలాఖరున నాజీ ప్రభుత్వం 175వ సెక్షన్‌ను మరింత కఠినం చేసింది. 1936లో ఇటువంటివారి పేర్లను దేశమంతటి నుంచి ఒకచోట చేర్చే ప్రత్యేక కార్యాలయం పెట్టింది. పాత పోలీసు జాబితాలన్నీ ఇప్పుడు పనికొచ్చాయి. నాజీ పాలనలో సుమారు 50,000 మందికి శిక్షలు పడ్డాయి. వేలమందిని నిర్బంధ శిబిరాలకు పంపి, చొక్కాకు గులాబీరంగు త్రికోణం కుట్టించారు. ఆ సెక్షన్ జర్మనీ చట్టం నుంచి పూర్తిగా తొలగిపోయింది 1994లో.

ఆయన లెక్కా, మన లెక్కా

చివరగా మన దేశపు అంకెలు కొన్ని చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి స్త్రీ, పురుషుడు కాక ఇతరులు అనే మూడో సంఖ్యను లింగం గడిలో రాసే వీలు కల్పించారు. ఆ గడిలో దేశం మొత్తం మీద 4,87,803 మంది నమోదయ్యారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. వీరిలో ఆరేళ్లలోపు పిల్లలు దేశం మొత్తం మీద 54,854 మంది. ఆ పిల్లల సంగతి చెప్పింది వారు కాదు, ఇంటి పెద్దలు. పాఠం మొదట్లో చెప్పిన అరుగు గుర్తుందా? అక్కడే ఈ లెక్కలోని బలహీనత కూడా ఉంది. ఇంట్లో ఉంటూ విషయం చెప్పని మనిషిని ఇంటి పెద్ద ఏ గడిలో రాయిస్తాడు?

2014 లోక్‌సభ ఎన్నికల ఓటర్ల జాబితాలో ఇతరులుగా చేరినవారు సుమారు 28 వేలే. పిల్లలను తీసివేసినా, జనాభా లెక్కల అంకెకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. ఓటర్ల జాబితాలో పేరు, ఇంటి నంబరు గోడ మీద అంటిస్తారు. ధ్రువపత్రాలు కావాలి. కారణాలు ఇంకా ఉండవచ్చు గాని, పేరు రాయవలసి వచ్చినచోట సంఖ్య తగ్గటం హిర్ష్‌ఫెల్డ్‌కు ఆశ్చర్యం కలిగించేది కాదు. పొరుగున నేపాల్ 2021 జనాభా లెక్కల్లో ఇతర లింగంగా నమోదైనవారు 2,928 మంది. ఆ దేశ జనాభా దాదాపు 3 కోట్లు.

ఇవన్నీ లింగానికి సంబంధించిన లెక్కలు. స్వలింగ ప్రేమికులను మన దేశపు ఏ జనాభా లెక్కలోనూ అడగలేదు. 377వ సెక్షన్ కేసు సందర్భంగా 2012లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు, దేశంలో అటువంటి పురుషులు సుమారు 25 లక్షలు ఉంటారని చెప్పింది. ఎయిడ్స్ నివారణ కార్యక్రమం కోసం వేసుకున్న అంచనా అది. ఆ కార్యక్రమం వారు పార్కులు, స్టేషన్లు వంటి కలుసుకునే చోట్లను గుర్తించి, అక్కడ కనిపించేవారిని లెక్కించటం మీద ఎక్కువగా ఆధారపడేవారు. అటువంటి చోట్లకు రానివారు, స్త్రీలు ఆ లెక్కలోకి రారు.

మళ్లీ పెన్సిలు తీసుకోండి. 2011లో మన జనాభా 121 కోట్లు. 25 లక్షలు అందులో ఎంత శాతం? నూటికి 0.2. అదే 121 కోట్లకు హిర్ష్‌ఫెల్డ్ 2.2 శాతం కట్టి చూడండి. 2 కోట్ల 66 లక్షలు వస్తుంది. ఒక అంకెకు మరొకటి పది రెట్లకు పైగా ఉంది. రెండో అంకెను నిజమని తీసుకోకండి. 1904 నాటి బెర్లిన్ మగవారి శాతాన్ని తెచ్చి మన దేశం మీద పెట్టటం శాస్త్రం కాదు. లెక్కించే తీరు మారితే సంఖ్య ఎంత మారుతుందో చూడటానికి మాత్రమే ఈ లెక్క వేశాం.

ఇది కాగితం మీది తేడా మాత్రమే అనుకోవద్దు. 2009లో ఢిల్లీ హైకోర్టు, పెద్దవారి మధ్య ఇష్టపూర్వక సంబంధాలకు 377వ సెక్షన్ వర్తించదంది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి, వీరు దేశ జనాభాలో అతి స్వల్ప భాగం అన్నది. నూట యాభై ఏళ్లలో ఈ సెక్షన్ కింద నడిచిన కేసులు 200 కూడా లేవన్నది మరొకటి. చాలామంది ఉన్నారని చూపితే చట్టం మారుతుందని హిర్ష్‌ఫెల్డ్ జీవితమంతా నమ్మారు. అదే వాదనను తిరగేస్తే, కొద్దిమందే కదా అనే మాట వస్తుందని ఆయన అనుకుని ఉండరు. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2013 తీర్పును రద్దు చేసింది. రాజ్యాంగం ఇచ్చిన హక్కులకు తలల లెక్క ఆధారం కాదని, ఒక్క మనిషికైనా అవి ఉంటాయని స్పష్టం చేసింది.

హైదరాబాదు రిజిస్టరు సంగతి మిగిలిపోయింది. నిజాం కాలపు ఆ చట్టం 1956 తరువాత ఆంధ్రప్రదేశ్ చట్టంగా, 2014 తరువాత తెలంగాణ చట్టంగా పేరు మార్చుకుంటూ పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.